మూడో నంబరు కుంటలో చేపలు లేవు

నీళ్ళు రెండు రకాలు: ఉన్న నీళ్ళు, ఉన్నా లేనట్టే లెక్కలోకి వచ్చే నీళ్ళు. మొదటి రకాన్ని రెండో రకంగా మార్చే విద్యనే పరిపాలన అంటారు. ఆ విద్యలో ఒహాయో రాష్ట్రం, కొలంబస్ నగర శివారులోని లేక్‌షోర్ రిజర్వ్ కాలనీ ఇంటి యజమానుల సంఘాన్ని మించినవారు ఈ భూమ్మీద లేరని ముందుగా మనవి చేసుకోవాలి.

ఆ కాలనీ మధ్యలో ఒక కుంట ఉంది. వాన పడితే ఇళ్ళ కప్పుల మీది నీళ్ళు, రోడ్ల మీది నీళ్ళు, పచ్చికకి వేసిన ఎరువు నీళ్ళు అన్నీ తూముల గుండా వచ్చి అందులో పడతాయి. ఇళ్ళు అమ్మేటప్పుడు దాని పేరు సరస్సు. ఇన్సూరెన్సు వాళ్ళు వచ్చినప్పుడు దాని పేరు మూడో నంబరు వాననీటి నిలువ సదుపాయం. దోమలు పెరిగాయని ఎవరైనా ఫోన్ చేస్తే దానికి పేరే లేదు, అది కౌంటీ ప్రభుత్వం వాళ్ళది. పేర్లు ఎన్ని మారినా ఒక్క విషయం మాత్రం మారదు. సంఘం నియమావళి ప్రకారం అది జలవనరు కాదు, జలవనరు కాదు కనుక అందులో చేపలు లేవు.

ఇక్కడే కార్యవర్గానికి ఒక చిక్కు వచ్చిపడింది. 'చేపలు పట్టరాదు' అని బోర్డు పెడితే చేపలున్నాయని ఒప్పుకున్నట్టవుతుంది. చేపలుంటే అది జలవనరు. జలవనరైతే దాని చుట్టూ కంచె కావాలి, కంచెకి తలుపు కావాలి, తలుపుకి తాళం, తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో తేల్చడానికి ఒక ఉపసంఘం. పోనీ బోర్డు పెట్టకుండా ఊరుకుంటే జనం ఊరుకోరు. చాలాకాలం తర్జనభర్జనలు జరిగాక, ఇద్దరు లాయర్లు చూసి సరేనన్నాక, గట్టు మీద ఈ బోర్డు వెలిసింది:

'ఈ సదుపాయంలో చేపలు లేవు. పట్టుకున్నవాటిని వెంటనే నీళ్ళలో వదిలేయవలెను.'

(ఈ రెండు వాక్యాలకీ పొంతన కుదరడం లేదని కొత్తగా వచ్చిన ఒకాయన సమావేశంలో లేచి అన్నాడు. ఆయన ఇంటి ముందు పచ్చిక ఎత్తు కొలవడానికి మర్నాడే మనుషులు వచ్చారు.)

పెద్దనోటి బాస్ అనే చేపకి చదువు రాదు. వస్తే నియమావళి చూసి ఎప్పుడో వెళ్ళిపోయేది. అది ఆ కుంటలోకి ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు. కొంగల కాళ్ళకి గుడ్లు అంటుకుని వచ్చాయని కొందరంటారు, ఎవరో బకెట్లో తెచ్చి పోశారని కొందరంటారు. బకెట్ మాట ఎత్తినవాళ్ళు మాత్రం ఎంచేతో వెంటనే ఫుట్‌బాల్ గురించి మాట్లాడతారు.

లేని చేపల్ని పట్టడానికి కాలనీలో ఒక మర్యాద ఏర్పడింది. సాయంత్రమైతే కుక్క లేకుండా ఉత్త కుక్క గొలుసు పట్టుకుని పెద్దమనుషులు గట్టు మీద పచార్లు చేస్తారు. కొందరు గోల్ఫు సంచీ భుజాన వేసుకుని వస్తారు. గోల్ఫు మైదానం ఆ దరిదాపుల్లో లేదు. సంచీలోంచి గేలపు కర్ర కొస కాస్త బయటికి పొడుచుకొచ్చినా ఎదురుపడినవాళ్ళు ఆకాశం వంక చూసి "ఎండ బాగుంది" అనాలి. మబ్బుగా ఉన్నా అదే అనాలి. చేప పడితే దాని కింది పెదవి బొటనవేలితో పట్టుకుని, చేతులు బారజాపి ఫోటో దిగి, ముద్దుగా నాలుగు మాటలు చెప్పి మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు. (పట్టింది పులుసు పెట్టుకోవచ్చు కదా అని ఈ రచయిత కాలనీకి వచ్చిన కొత్తలో ఒకసారి నోరుజారాడు. కొందరు ఇప్పటికీ తమ పిల్లల్ని అతని ఇంటి ముందు నుంచి నడవనివ్వరు.)

ఈ మర్యాదలన్నిటికీ తలవంపులు తెచ్చిన మనిషి ఒకడున్నాడు. అతని పేరు వెండెల్ క్రాబ్‌ట్రీ. బతుకంతా ఊళ్ళో వాళ్ళ గరాజులకి తలుపులు బిగించి, మోకాళ్ళు అరిగాక పని మానేశాడు. అతను గేలపు కర్రని గేలపు కర్రలాగే చేత్తో పట్టుకుని, నడివీధిలో, పట్టపగలు కుంటకి నడిచి వెళ్ళేవాడు. ఇరుగుపొరుగు దీన్ని లుంగీతో పెళ్ళికి వెళ్ళినంత అసభ్యంగా భావించేవారు. పైగా అతను ఏనాడూ ఫోటో దిగలేదు. ఫోటో కోసం చేపని గాలిలో ఆడించడం దానికి మంచిది కాదని అతని నమ్మకం.

పని మానేసిన మనిషికి రోజు చాలా పొడుగు. ఫోన్ మోగదు, మోగినా అది మందుల షాపు. అలాంటి రోజుల్లో వెండెల్ గేలానికి ఒక ఆడచేప పడింది. మోచెయ్యంత పొడుగు, కాఫీ కప్పు పట్టేంత నోరు, కుడి చెంప మీద దిష్టిచుక్క పెట్టినట్టు గుండ్రంగా ఒక నల్లమచ్చ. వెండెల్ దాన్ని చూశాడు, అది వెండెల్‌ని చూసింది. ఆ చూపు అతనికి తెలుసు. దాన్ని మెల్లగా నీళ్ళలోకి దించి ఇంటికి వచ్చి భార్యతో చెప్పాడు.

"డొరీన్, కుంటలో ఒక చేప ఉంది. దానికి బెర్నిస్ అని పేరు పెట్టాను."

డొరీన్ కూరలు తరిగే బల్ల దగ్గర్నుంచి తలెత్తింది. "బెర్నిస్ మా అమ్మ పేరు."

"తెలుసు. చెంప మీద అదే మచ్చ, అదే చోట."

"మచ్చ చూసి పెట్టావా, నోరు చూసి పెట్టావా?"

"మచ్చ చూసే," అన్నాడు వెండెల్. "నోరు కూడా కలిసొచ్చింది."

డొరీన్ రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. మూడో రోజు తనే గట్టుకి వచ్చి చూసింది. చేప పైకి వచ్చి, నోరు తెరిచి, వెండెల్‌ని ఏదో అనబోయి మానేసినట్టు మళ్ళీ లోపలికి పోయింది. "అమ్మే," అంది డొరీన్. అప్పట్నుంచి వెండెల్ ఆలస్యంగా ఇంటికి వస్తే ఆమె అడిగే మాట ఒక్కటే: "అమ్మ ఎలా ఉంది?" నలుగురిలో నవ్వులాటే గానీ, ఆ ఇంట్లో పొద్దున్నే ఎదురుచూడటానికి మిగిలిన పని అదొక్కటే, దాన్ని ఇద్దరూ జాగ్రత్తగా చూసుకునేవారు.

అలా నాలుగేళ్ళు గడిచాక సంఘం నుంచి ప్రకటన వచ్చింది. మూడో నంబరు సదుపాయంలో బురద పేరుకుంది, అక్టోబరులో నీళ్ళన్నీ తోడేసి అడుగు శుభ్రం చేస్తారు. వన్యప్రాణులకి హాని ఉంటుందా అని ముందుగా పరిశీలించాలని నియమం ఉంది కాబట్టి, కాలనీ పనులు చూసే నిర్వహణ సంస్థ మనిషి, కాలనీలోనే కాపురముండే కిప్ లాంబ్రెక్ట్ గట్టు మీద నిలబడి పరిశీలించాడు. నీటి మట్టానికి పైన ఎక్కడా చేపలు కనిపించలేదని నివేదిక ఇచ్చాడు.

వెండెల్ నెలవారీ సమావేశానికి వెళ్ళాడు. డొరీన్ ముందే హెచ్చరించింది: "పట్టానని అనకు. పట్టానంటే నువ్వు దొరికిపోతావు. చూశానని చెప్పు." సమావేశాలు క్లబ్ హౌస్‌లో జరుగుతాయి. ప్రతి నివాసికీ మూడు నిమిషాలు. కోడిపెట్ట ఆకారంలో ఉండే, వంటకి నిమిషాలు లెక్కపెట్టే గంట బల్ల మీద టిక్కుటిక్కుమంటుంది, అది కూయగానే ప్రజాస్వామ్యం ముగుస్తుంది. అధ్యక్షుడు రాయిస్ ఓస్ట్రాండర్ వృత్తిరీత్యా పళ్ళ డాక్టరు. కార్యదర్శి లెనోరా పికెట్ జరిగినదంతా కంప్యూటర్లో ఎక్కించుకుంటుంది.

"కుంటలో చేప ఉందండీ," అన్నాడు వెండెల్.

"సదుపాయంలో," అన్నాడు రాయిస్.

"సదుపాయంలో చేప ఉంది. పెద్దది. నీళ్ళు తోడేస్తే చచ్చిపోతుంది."

"మిస్టర్ క్రాబ్‌ట్రీ, లేని చేప చచ్చిపోతే కార్యవర్గం ఏం చెయ్యగలదో మీరే చెప్పండి."

"ఉందని మీకెలా తెలుసు?" అంది లెనోరా, టైపు కొట్టడం ఆపకుండా.

"చూశాను."

"సదుపాయానికి ఇరవై అడుగుల లోపలికి నివాసులు వెళ్ళకూడదు. ఇరవై అడుగుల అవతల నుంచి చూశారా?"

వెండెల్ డొరీన్ వంక చూశాడు. డొరీన్ కోడిపెట్ట వంక చూసింది. "అవుననుకుంటాను," అన్నాడు.

"ఇరవై అడుగుల నుంచి నీళ్ళ అడుగున చేప కనిపించిందంటే అది కళ్ళ డాక్టరుకి చూపించుకోవాల్సిన విషయం," అన్నాడు రాయిస్ జాలిగా. "నేను పళ్ళ డాక్టర్ని."

కోడిపెట్ట కూసింది. అయినా కార్యవర్గం దయ తలచి ఒక వెసులుబాటు ఇచ్చింది. వెండెల్ కాక మరో ఇద్దరు నివాసులు ఆ చేపని చూశామని వచ్చే సమావేశంలో చెబితే, చేప ఉండే అవకాశం గురించి ఆలోచించే విషయం ఆలోచిస్తారు.

వెండెల్ ఇల్లిల్లూ తిరిగాడు. అందరూ లోపలికి రమ్మన్నారు, కూర్చోమన్నారు, నిమ్మరసం ఇచ్చారు. సాక్ష్యం మాట ఎత్తగానే అందరికీ పొయ్యి మీద ఏదో మాడిపోతున్న వాసన వచ్చేది. ఎదురింటి గార్త్ మాత్రం వెండెల్ భుజం మీద చెయ్యి వేసి నిజంగానే కరిగిపోయాడు.

"నీ బాధ నాకు తెలుసు వెండెల్. అది గేలానికి పడితే ఎలా లాగుతుందనుకున్నావ్! మణికట్టు విరిగిపోవాల్సిందే, అబ్బా..." అని ఆగిపోయాడు. "అని ఎవరో అంటుంటే విన్నాను."

"ఎవరు?"

"ఊళ్ళో వాళ్ళు. వేరే ఊళ్ళో."

ఆ వారంలోనే డొరీన్ క్లబ్ హౌస్‌కి వెళ్ళింది. అంతకు ముందు విందుకి ఆమె వండి తీసుకెళ్ళిన బంగాళాదుంపల గిన్నె అక్కడే ఉండిపోయింది. గిన్నె దొరికింది. కానీ గిన్నె తీసుకుని బయటికి రాబోతూ ఆమె గోడ దగ్గర ఆగిపోయింది. ఆ గోడ మీద 'మన నివాసుల దూరప్రాంత వేటలు' అనే ఫోటోల పటం ఉంటుంది. ఏటా శరదృతువు పండగలో జనం ఓట్లు వేసి మంచి ఫోటోకి బహుమతి ఇస్తారు. ఎన్నో ఏళ్ళుగా ఆ పటం పక్కన నిలబడే అందరూ కాఫీ తాగుతున్నారు. ఎవరూ దాన్ని చూడరు, తమ ఫోటోని తప్ప.

డొరీన్ ఇంటికి వచ్చి గిన్నె బల్ల మీద పెట్టింది.

"వెండెల్, మా అమ్మ గోడ మీద ఉంది."

"ఏ గోడ?"

"క్లబ్ హౌస్ గోడ. నాలుగు చోట్ల ఉంది. రాయిస్ చేతుల్లో ఒంటారియోలో ఉంది. లెనోరా చేతుల్లో ఫ్లారిడాలో ఉంది. గార్త్ దగ్గర టెన్నెసీలో, కిప్ దగ్గర టెక్సస్‌లో ఉంది. బతికున్నన్నాళ్ళూ సిన్సినాటి దాటి ఎరగదు పాపం, పోయాక లోకమంతా తిరుగుతోంది."

వెండెల్ వెళ్ళి చూశాడు. అదే నోరు, అదే మచ్చ. రాయిస్ వెనక ఒంటారియో సరస్సు మధ్యలో మన కాలనీ కుంటలోని ఫౌంటెనే చిమ్ముతోంది. లెనోరా ఫ్లారిడా ఎండలో ఉన్ని టోపీ పెట్టుకుని ఉంది. నీళ్ళ పైన చేపలు కనిపించలేదని రాసిచ్చిన కిప్, అదే చేపని టెక్సస్‌లో రెండు చేతులతో గుండెలకి హత్తుకుని ఉన్నాడు. ఎవరి అబద్ధం వాళ్ళు విడివిడిగా, శ్రద్ధగా చెప్పారు, తీరా అన్నీ తెచ్చి ఒకే గోడకి తగిలించారు. ఆ గోడ ముందు వెండెల్‌కి నవ్వు రాలేదు. ఇంతమంది చేతుల్లో పడి కూడా ఆమె బతికే ఉంది కదా అని ముందు సంతోషం వేసింది, తరువాత కోపం వచ్చింది.

"వచ్చే సమావేశంలో లేచి గోడ వైపు వేలు చూపించు, చాలు," అంది డొరీన్. "వాళ్ళ మొహాలు చూడాలని ఉంది నాకు."

ఆమె గోడ దగ్గర అంతసేపు నిలబడటం ఎవరో చూసినట్టున్నారు. సమావేశానికి ముందు రోజు రాయిస్ తన గరాజు తలుపు కిర్రుమంటోందని చెప్పుకుంటూ వెండెల్ ఇంటికి వచ్చాడు. తలుపు గురించి కాసేపు మాట్లాడాడు. తరువాత నేల చూస్తూ నిలబడ్డాడు.

"వెండెల్, ఆ ఫోటో మా మామగారి ఇంట్లో కూడా ఉంది. ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాడు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆయన నన్ను మనిషిగా చూడలేదు, ఆ ఫోటో చూశాకే నా పేరు పెట్టి పిలిచాడు. ఇప్పుడు వెళ్ళి, అది మురుగు తూము పక్కన పట్టానని చెప్పమంటావా?"

వెండెల్ నూనె డబ్బా తెచ్చి అతని చేతిలో పెట్టాడు. "ఫోటోల మాట నేను ఎత్తను. చేపని బతికించు."

"ఏ చేప?" అన్నాడు రాయిస్. కావాలని కాదు, అలవాటు మీద అనేశాడు. అన్నాక తనే సిగ్గుపడి వెళ్ళిపోయాడు.

మర్నాడు సాయంత్రం కోడిపెట్ట టిక్కుటిక్కుమనడం మొదలుపెట్టింది. సాక్షులు ఎవరైనా వచ్చారా అని లెనోరా అడిగింది. ఎవరూ రాలేదు. అంటే గది నిండా ఉన్నారు, కానీ సాక్షులుగా రాలేదు.

"సాక్షులు లేరండీ," అన్నాడు వెండెల్. "నేను చూశానని క్రితంసారి చెప్పింది అబద్ధం. చూడటం కాదు, పట్టాను. చాలాసార్లు పట్టి వదిలాను. గట్టు అంచున, నీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చుని. ఆడచేప. ఇంత పొడుగుంటుంది. కుడి చెంప మీద గుండ్రంగా నల్లమచ్చ ఉంటుంది."

మచ్చ అనగానే గదిలో తలలన్నీ ఒక్కసారి గోడ వైపు తిరిగాయి. అంతే వేగంగా వెనక్కి తిరిగాయి. తేలు కుట్టిన దొంగలు అంతమందిని ఒకే గదిలో చూడటం ఈ రచయితకి అదే మొదటిసారి. వెండెల్ ఒక్కడే గోడ వైపు చూడలేదు. డొరీన్ మోచేత్తో పొడిచింది, అయినా చూడలేదు. మాట ఇచ్చాడు మరి.

"దయచేసి దాన్ని తీసి వేరే చోట వదలండి. నాకు కనిపించని చోటైనా సరే," అన్నాడు. కోడిపెట్ట కూసింది.

కార్యవర్గం అక్కడికక్కడే విషయం తేల్చింది. సదుపాయంలో చేపలు లేవు. అయినా చేప పట్టినట్టు ఒక నివాసి బహిరంగంగా ఒప్పుకున్నాడు. సంఘం చరిత్రలో అలా ఒప్పుకున్నవాడు మరొకడు లేడు కాబట్టి, నేరం చేసిన ఏకైక వ్యక్తి అతనేనని రుజువైంది. మూడో నంబరు సదుపాయానికి రెండు వందల అడుగుల లోపలికి అతను రాకూడదు. 'మూడో నంబరు సదుపాయంలో చేపలు లేవు' అని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టిన రోజున నిషేధం ఎత్తేస్తారు. తీర్మానాన్ని రాయిస్ చదివాడు. చదువుతున్నంతసేపూ వెండెల్ వంక చూడలేదు.

మర్నాడు కిప్ టేపు పట్టుకుని వచ్చి రెండు వందల అడుగులు కొలిచాడు. గీత వెండెల్ పెరట్లోంచి, గోడలోంచి వచ్చి, ఇంటి మధ్యగా పోయింది. భోజనాల గది అనుమతి ఉన్న ప్రాంతంలో పడింది. వంటగది, దాని కిటికీ, కిటికీలోంచి కనిపించే కుంట నిషేధిత ప్రాంతంలో పడ్డాయి. కిప్ మర్యాదస్తుడు, బూట్లు విప్పి లోపలికి వచ్చి గచ్చు మీద నారింజరంగు టేపు అంటించి వెళ్ళాడు. భర్త ఇకపై వంటగదిలోకి రాకూడదన్న నిబంధన వల్ల డొరీన్ జీవితంలో పెద్ద మార్పేమీ రాలేదు.

సంతకం పెట్టేయమని అందరూ చెప్పారు. గార్త్ అయితే కలం కూడా తెచ్చిచ్చాడు. "ఒక్క వాక్యం వెండెల్. మేమంతా ఇల్లు కొన్నప్పుడే పెట్టాం."

"అది ఉండగా లేదని ఎలా రాయను?" అన్నాడు వెండెల్. "నా చేత్తో నేనే చంపినట్టు ఉంటుంది."

నీళ్ళు తోడే రోజు వచ్చింది. తెల్లగా మంచు పట్టిన పొద్దు. వెండెల్ నారింజరంగు టేపుకి ఇవతల, భోజనాల గదిలో నిలబడ్డాడు. టేపుకి అవతల డొరీన్ కిటికీ దగ్గర నిలబడి జరుగుతున్నది చెబుతోంది.

"లారీ వచ్చింది. పంపు దించుతున్నారు. గార్త్ వచ్చాడు."

"ఏం తెచ్చాడు?"

"కుక్క గొలుసు. కుక్క లేదు. పెద్ద ఐస్ పెట్టె ఉంది. లెనోరా కూడా వచ్చింది, దుప్పటి పరుస్తోంది. ఈ చలిలో పిక్నిక్ ఏమిటో! ఆమెకీ ఐస్ పెట్టె ఉంది. అమ్మో, వీధి వీధంతా వస్తోంది వెండెల్. అందరికీ ఐస్ పెట్టెలే."

"రాయిస్?"

"వచ్చాడు. గోల్ఫు సంచీ. దాంట్లోంచి... వల తీస్తున్నాడు."

వెండెల్ ముందుకి అడుగు వెయ్యబోయి టేపు చూసి ఆగాడు. "పట్టారా? ఎవరైనా పట్టారా?"

"నీళ్ళు తగ్గిపోతున్నాయి. అందరూ ఒకర్నొకరు చూడనట్టు నటిస్తూ దిగుతున్నారు. బురద మోకాళ్ళ దాకా... ఏదో ఎగిరింది!"

"మచ్చ ఉందా?"

"తెలీలేదు. మేపుల్ చెట్టు అడ్డొచ్చింది." (ఆ చెట్టు కొమ్మలు కొట్టాలని వెండెల్ పెట్టుకున్న దరఖాస్తు అప్పటికి మూడేళ్ళుగా పరిశీలనలో ఉంది.)

మధ్యాహ్నానికి కుంట ఎండిపోయింది. అందరూ ఐస్ పెట్టెలు మోసుకుంటూ వెళ్ళిపోయారు. కొన్ని తేలిగ్గా వెళ్ళాయి, కొన్ని బరువుగా వెళ్ళాయి. ఏ పెట్టె ఎటు వెళ్ళిందో డొరీన్ ఒక్కతే కనిపెట్టలేకపోయింది. ఆ సాయంత్రం వెండెల్ ముందు గుమ్మంలోంచి గార్త్‌ని కేకేశాడు.

"గార్త్, పెట్టెలో ఏముంది?"

"శాండ్‌విచ్."

"అంత పెద్ద పెట్టెలోనా?"

"పెద్ద శాండ్‌విచ్," అన్నాడు గార్త్. అతని కళ్ళు తడిగా ఉన్నాయి, మరి గాలి కూడా చల్లగానే ఉంది.

ఆ తరువాత ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పడానికి ఏమీ జరగలేదు కదా. చలికాలం వచ్చింది, వానలు పడ్డాయి, కుంట మళ్ళీ నిండింది. వెండెల్ టేపుకి ఇవతల కూర్చుని కాఫీ తాగేవాడు. డొరీన్ కిటికీలోంచి చూసి "నీళ్ళు కదల్లేదు" అనేది, ప్రతి రోజూ. అమ్మ ఎలా ఉంది అని అడగడం మానేసింది. ఆ ప్రశ్న లేని ఇల్లు వెండెల్‌కి మహా నిశ్శబ్దంగా ఉండేది, రాత్రిళ్ళు గరాజులోకి వెళ్ళి ఎవరూ అడగని తలుపుకి నూనె పోసేవాడు. సంతకం మాత్రం పెట్టలేదు. పెట్టమని గుర్తుచేస్తూ నెలకో ఉత్తరం వచ్చేది, కింద రంగుల్లో ఒక సరస్సు బొమ్మతో.

మళ్ళీ శరదృతువు పండగ వచ్చింది. డొరీన్ బలవంతం మీద వెండెల్ క్లబ్ హౌస్‌కి వెళ్ళాడు. గోడ మీద కొత్త ఫోటోలు తగిలించి ఉన్నాయి. అందరిలాగే అతను కూడా వాటి పక్కన కాఫీ తాగుతూ నిలబడ్డాడు. అంతలో డొరీన్ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

రాయిస్ ఫోటో. చేతులు బారజాపి ఉన్నాడు. కింద 'మనిటోబా, కెనడా' అని రాసి ఉంది. చేతుల్లో చేప. కుడి చెంప మీద దిష్టిచుక్కంత మచ్చ. రాయిస్ వెనక, మనిటోబా గట్టు మీద, సిమెంటు తూము ఒకటి ఉంది. దాని మీద పచ్చరంగుతో పెద్దగా '2' అని ఉంది. రెండో నంబరు సదుపాయం కాలనీకి ఆ చివర, రాయిస్ పెరటి వెనక ఉంటుంది.

"అమ్మ," అంది డొరీన్. చాలాసేపు అలాగే చూసింది. "కాస్త చిక్కింది. నోరు మాత్రం అలాగే ఉంది."

వెండెల్ కప్పు బల్ల మీద పెట్టి ఫోటో దగ్గరికి జరిగాడు. అటు పక్కనే రాయిస్ కాఫీ కప్పుతో నిలబడి ఉన్నాడు. ఇద్దరూ కాసేపు ఫోటో వంకే చూశారు.

"మంచి చేప," అన్నాడు వెండెల్ చివరికి.

"చాలా దూరం మొయ్యాల్సి వచ్చింది," అన్నాడు రాయిస్ మెల్లగా. తరువాత సర్దుకుని, "వెళ్ళాల్సి వచ్చింది," అన్నాడు.

మనిటోబా ఫోటోకే మొదటి బహుమతి వచ్చింది. వెండెల్ ఓటు కూడా దానికే పడింది. ఓట్ల లెక్కింపు ముగిశాక అతను లెనోరా బల్ల దగ్గరికి వెళ్ళి కాగితం అడిగాడు. 'మూడో నంబరు సదుపాయంలో చేపలు లేవు' అని గుండ్రటి అక్షరాలతో రాసి సంతకం పెట్టాడు. బతుకులో అంత నిజమైన వాక్యం ఎప్పుడూ రాయలేదని అతనికి అనిపించింది. లెనోరా కాగితం తీసుకుని, "మాలో కలిసినందుకు సంతోషం," అంది.

మర్నాడు వెండెల్ బజారుకి వెళ్ళి మంచి కుక్క గొలుసు ఒకటి కొనుక్కొచ్చాడు. కుక్క ఏదని డొరీన్ అడగలేదు, కిటికీలోంచి ఆకాశం వంక చూసి ఎండ బాగుందంది.